లైనక్స్ డెస్క్‌టాప్‌లో క్లౌడ్ స్టోరేజ్: ఏవి లేవు, లేనివాటిని మనమే ఎలా అమర్చుకోవాలి

2025 అక్టోబర్ 14న రెండు సంగతులు జరిగాయి. విండోస్ 10కి మామూలు ఉచిత సపోర్టు ఆ రోజుతో ఆగిపోయింది. అదే రోజు గూగుల్ వాళ్ళు విశాఖపట్నంలో ఐదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్ పెడతామని, అందులో భారీ డేటా సెంటర్ ఉంటుందని ప్రకటించారు. మొదటి సంగతి వల్ల గాజువాకలో చిన్న షాపులకు జీఎస్టీ లెక్కలు చూసే మా బావ పాత ల్యాప్‌టాప్ ఎంవీపీ కాలనీలో మా ఇంటికి వచ్చి చేరింది. దానికి విండోస్ 11 ఎక్కదు కాబట్టి ఉబుంటు అనే లైనక్స్ వేసి ఇచ్చాను. రెండో సంగతి వల్ల ఆయనకి నన్ను ఆటపట్టించడానికి మాట దొరికింది.

"ఏరా, గూగుల్ వాడు మన ఊళ్ళోనే దుకాణం తెరుస్తున్నాడంట కదా. మరి నువ్వేసిన దీంట్లో వాడి డ్రైవ్ ఏదిరా?"

"దీనికి వాళ్ళు చెయ్యలేదు బావా."

"మరి నా ఫైళ్ళు?"

ఈ చివరి ప్రశ్నకి సరైన జవాబు ఇవ్వడానికి నాకు మూడు ఆదివారాలు పట్టింది. ఆ మూడు ఆదివారాల పనే ఇక్కడ వరసగా రాస్తున్నాను. కమాండ్లు కూడా తెలుగు అక్షరాల్లోనే రాశాను, టెర్మినల్‌లో (కమాండ్లు కొట్టే కిటికీలో) కొట్టేటప్పుడు మాత్రం అవే ఇంగ్లీషు అక్షరాల్లో, అన్నీ చిన్న బడిలో కొట్టాలి. అడ్డగీతలు, చుక్కలు, కోలన్లు ఎక్కడ ఎలా ఉన్నాయో అలాగే ఉంచండి.

ముందు, లేనివి ఏంటి

విండోస్‌లో వన్‌డ్రైవ్ గానీ గూగుల్ డ్రైవ్ గానీ ఒక్క ఇన్‌స్టాల్‌తో ఐదు పనులు చేసిపెడుతుంది. ఫైళ్ళను రెండు వైపులా ఒకేలా ఉంచుతుంది, అంటే సింక్. డిస్క్‌లో చోటు తినకుండా పేర్లు మాత్రం చూపించి, తెరిచినప్పుడే దించుతుంది. ఫైలు పక్కన పచ్చ టిక్కు పెడుతుంది. కుడి క్లిక్‌తో షేర్ లింక్ ఇస్తుంది. ఏదైనా ఆగిపోతే మూలన ఎర్ర గుర్తు వేసి చెబుతుంది. మనకి ఇవి ఐదు పనులని కూడా తెలియదు, ఒకటే అనుకుంటాం. లైనక్స్‌కి వచ్చాక ఐదూ ఐదు ముక్కలుగా కనిపిస్తాయి.

గూగుల్ డ్రైవ్ 2012 ఏప్రిల్‌లో మొదలైనప్పుడు లైనక్స్ వెర్షన్ కూడా వస్తుందన్నారు, అధికారికంగా ఇంకా రాలేదు. వన్‌డ్రైవ్‌కీ అధికారిక క్లయింట్, అంటే కంప్యూటర్‌లో వేసుకునే యాప్, లేదు, ఐక్లౌడ్‌కీ లేదు, బ్రౌజర్‌లో చూసుకోవాల్సిందే. డ్రాప్‌బాక్స్‌కి ఉంది గానీ "ఆన్‌లైన్ ఓన్లీ" అని ఫైలును క్లౌడ్‌లోనే వదిలేసే సదుపాయం లైనక్స్ వెర్షన్‌లో లేదు. పైగా 2018లో, నవంబర్ నుంచి ఈఎక్స్‌టీ4 తప్ప వేరే ఫైల్ సిస్టమ్ (డిస్క్‌లో ఫైళ్ళను అమర్చే పద్ధతి) మీద పనిచెయ్యం అని చెప్పి చాలామందిని కంగారు పెట్టి, 2019లో బీటీఆర్‌ఎఫ్‌ఎస్, ఎక్స్‌ఎఫ్‌ఎస్ లాంటివాటికి మళ్ళీ సపోర్టు ఇచ్చారు.

కారణం ఒక్క నిర్లక్ష్యమే కాదు. తెరిచినప్పుడే ఫైలు దించే పనికి విండోస్ 10 లోపలే 2017 అక్టోబర్ అప్‌డేట్ నుంచి ఒక ఏర్పాటు ఉంది, ఏ కంపెనీ అయినా దానికి తగిలించుకుంటే చాలు. లైనక్స్‌లో ఫ్యూజ్ అనే దారి (మామూలు ప్రోగ్రామ్ కూడా ఒక ఫోల్డర్‌ని తయారుచేసి చూపించే ఏర్పాటు) ఉంది కానీ, ఖాళీ ఫైలు పెట్టి అవసరమైనప్పుడు నింపే పద్ధతి ఇదీ అని అన్ని డెస్క్‌టాప్‌లూ ఒప్పుకున్నది లేదు. 2025 మార్చిలో వచ్చిన 6.14 కెర్నల్‌లో (లైనక్స్ గుండెకాయ అది) దానికి కావలసిన పునాది ఒకటి పడింది, దాని మీద ఇల్లు ఎవరు కడతారో చూడాలి. ఒక్కో డెస్క్‌టాప్‌కి ఒక్కో ఫైల్ మేనేజర్, పచ్చ టిక్కు కోసం నాటిలస్‌కి ఒక ప్లగిన్, డాల్ఫిన్‌కి ఇంకోటి, నీమోకి మరోటి రాయాలి. ఉబుంటు వాడే గ్నోమ్ డెస్క్‌టాప్ అయితే 2017లో మూలన ఉండే ట్రే గుర్తులనే తీసేసింది, ఉబుంటు వాళ్ళు తమ సొంత ఎక్స్‌టెన్షన్‌తో వెనక్కి తెచ్చుకున్నారు. ఇన్ని కాంబినేషన్లకి ఇంతమందే యూజర్లు అని లెక్క వేసుకుని కంపెనీలు వదిలేస్తాయి.

నన్నడిగితే ఈ ఐదింట్లో పచ్చ టిక్కు లేకపోయినా బతకొచ్చు. ఆగిపోయినప్పుడు చెప్పే నాథుడు లేకపోవడమే అసలు లోటు.

అడుగు 1: ఫైళ్ళను మూడు కుప్పలు చెయ్యండి

ఇది బోరు కొట్టే పని, దాటెయ్యొద్దు. టెర్మినల్ తెరిచి మీ హోమ్ ఫోల్డర్‌లో ఈ కమాండ్ కొట్టండి:

డీయూ -ఎస్‌హెచ్ *

ఏ ఫోల్డర్ ఎంత ఉందో చెబుతుంది. బావది మొత్తం 11 జీబీ వచ్చింది, అందులో ఈ ఏడాది పని 900 ఎంబీ కూడా లేదు, మిగతాదంతా పాత సంవత్సరాల పీడీఎఫ్‌లూ స్కాన్‌లూ.

రోజూ ముట్టుకునేవి ఒక కుప్ప, వీటికి రెండు వైపులా సింక్ కావాలి. ఎప్పుడో ఒకసారి తెరిచేవి రెండో కుప్ప, ఇవి క్లౌడ్‌లో ఉండి తెరిచినప్పుడు దిగితే చాలు. పోతే కొంప మునిగేవి మూడోది: పిల్లల ఫొటోలు, ఇంటి దస్తావేజులు. వీటికి ఒకవైపు కాపీ చాలు, సింక్ అసలు పెట్టకూడదు, ఎందుకంటే సింక్‌లో ఇక్కడ పొరపాటున డిలీట్ చేస్తే అక్కడా పోతుంది.

"అన్నీ క్లౌడ్‌లో పడేస్తే పోలా, ల్యాప్‌టాప్‌లో ఎందుకు" అని అడిగేవాళ్ళు 2014 అక్టోబర్ 12న ఈ ఊళ్ళో లేనివాళ్ళయి ఉంటారు. హుద్‌హుద్ తీరం దాటిన తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్ సిగ్నల్ లేదు. అప్పుడు క్లౌడ్‌లో ఉన్నది ఉన్నట్టే గానీ చేతికి అందదు. అదే రోజు కిటికీ అద్దాలు పగిలి బల్ల మీది కంప్యూటర్ తడిసిపోయిన ఇళ్ళల్లో వాళ్ళకి క్లౌడ్ ఒక్కటే దిక్కు. రెండూ కావాలి.

అడుగు 2: సర్వీసు మార్చుకోగలిగితే సగం పని అయిపోతుంది

మీరు గూగుల్‌కో మైక్రోసాఫ్ట్‌కో కట్టుబడి లేకపోతే, లైనక్స్‌ని మనిషిలా చూసే సర్వీసులు ఉన్నాయి. మెగాకి ఉబుంటు, ఫెడోరా, ఆర్చ్ వగైరాలకి సొంత యాప్ ఉంది, 20 జీబీ ఉచితం, ఫైళ్ళు మన దగ్గరే ఎన్‌క్రిప్ట్ అయి వెళతాయి. పీక్లౌడ్ యాప్ వేస్తే డిస్క్‌లో చోటు తినని ఒక డ్రైవ్ కనిపిస్తుంది, మన రెండో కుప్పకి సరిగ్గా సరిపోయేది. ఆఫీసులో ఎవరైనా నెక్స్ట్‌క్లౌడ్ సర్వర్ నడుపుతుంటే దాని క్లయింట్ కూడా బాగుంటుంది. డ్రాప్‌బాక్స్ ఉచిత ఖాతాకి 2 జీబీ, మూడు డివైజులు, అంతే.

గూగుల్, వన్‌డ్రైవ్ తప్పదు, టెర్మినల్ మాత్రం వద్దు అనేవాళ్ళకి ఇన్‌సింక్ అని డబ్బు పెట్టి కొనే యాప్ ఉంది. ట్రయల్ వేసి చూడండి. మీ ఒక గంటకి విలువ ఎంతో మీకు తెలుసు కాబట్టి అది దండగో కాదో నేను చెప్పను.

బావ క్లయింట్లందరూ గూగుల్ డ్రైవ్‌లోనే బిల్లులు పంపుతారు, మారే ప్రసక్తే లేదు. కాబట్టి ఇక్కడి నుంచి అంతా గూగుల్ డ్రైవ్ ఉదాహరణతోనే. వన్‌డ్రైవ్ గురించి ఒక ముక్క చివర్లో చెబుతాను.

అడుగు 3: ఐదు నిమిషాల దారి, చూసుకోవడానికి మాత్రమే

ఉబుంటు 24.04లో సెట్టింగ్స్ తెరిచి ఆన్‌లైన్ అకౌంట్స్‌లోకి వెళ్ళి గూగుల్ ఖాతా కలపండి, ఫైల్స్ అనే స్విచ్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఫైల్ మేనేజర్ ఎడమ పక్కన మీ ఖాతా పేరుతో డ్రైవ్ కనిపిస్తుంది. గ్నోమ్ 46 నుంచి, అంటే 2024 మార్చి నుంచి, వన్‌డ్రైవ్ కూడా ఇలాగే కలుస్తుంది. కేడీఈ అనే ఇంకో డెస్క్‌టాప్ వాడేవాళ్ళు కేఐఓ జీడ్రైవ్ ప్యాకేజీ వేసుకోవాలి.

ఇది సింక్ కాదు, కిటికీ. నెట్ పోతే మూసుకుంటుంది. కొన్ని ప్రోగ్రాముల్లోంచి చూస్తే ఫైలు పేరు బదులు గూగుల్ లోపల వాడే పొడవాటి కోడ్ కనిపిస్తుంది, బావ దాన్ని చూసి "ఇదేటిది, వైరస్సా" అన్నాడు. ఒక బిల్లు దించుకోవడానికి పర్లేదు. దీని మీద పెట్టి ఎక్సెల్ షీటు ఎడిట్ చెయ్యొద్దు.

అడుగు 4: ఆర్‌క్లోన్, అసలు పనిముట్టు

ఆర్‌క్లోన్ ఉచితం, ఓపెన్ సోర్స్, 70కి పైగా స్టోరేజ్ సర్వీసులతో మాట్లాడగలదు. కిటికీలు బొమ్మలు ఉండవు, కమాండ్లే.

ఉబుంటు సొంత రెపో (ప్యాకేజీల గోదాము) నుంచి వెయ్యొద్దు. 24.04లో కూడా అక్కడ దొరికేది 1.60. మనకి కావలసిన రెండు వైపుల సింక్ 2024లో వచ్చిన 1.66 నుంచే నమ్మేలా తయారైంది. ఆర్‌క్లోన్ వెబ్‌సైట్‌కి వెళ్ళి డౌన్‌లోడ్స్ పేజీలో డెబ్ ఫైలు దించి ఇన్‌స్టాల్ చెయ్యండి. తర్వాత

ఆర్‌క్లోన్ వెర్షన్

అని కొట్టి నంబర్ సరిచూసుకోండి.

ఇప్పుడు చాలామంది దాటేసి తర్వాత తిట్టుకునే పని. ఆర్‌క్లోన్‌కి గూగుల్‌తో మాట్లాడటానికి ఒక గుర్తింపు కావాలి, దాన్ని క్లయింట్ ఐడీ అంటారు. మీరేమీ ఇవ్వకపోతే ప్రపంచంలో అందరూ వాడే ఉమ్మడి ఐడీతో నడుస్తుంది, ఆర్టీసీ కాంప్లెక్స్‌లో పండగ రోజు టికెట్ కౌంటర్ ఎలా ఉంటుందో అలా ఉంటుంది. సొంతది తీసుకోండి, ఉచితమే. గూగుల్ క్లౌడ్ కన్సోల్‌లోకి మీ ఖాతాతోనే వెళ్ళి కొత్త ప్రాజెక్ట్ చెయ్యండి, లైబ్రరీలో గూగుల్ డ్రైవ్ ఏపీఐ వెతికి ఎనేబుల్ చెయ్యండి, కన్సెంట్ స్క్రీన్ దగ్గర ఎక్స్‌టర్నల్ ఎంచుకుని యాప్‌కి ఏదో ఒక పేరు, మీ మెయిల్ ఇవ్వండి, తర్వాత క్రెడెన్షియల్స్‌లో ఓఆథ్ క్లయింట్ ఐడీ, రకం డెస్క్‌టాప్ యాప్. రెండు పొడుగు కోడ్‌లు వస్తాయి, ఐడీ ఒకటి, సీక్రెట్ ఒకటి. రెండూ కాపీ చేసి పెట్టుకోండి.

అక్కడితో ఆగకండి. ఆ యాప్ "టెస్టింగ్" స్థితిలో ఉంటే గూగుల్ ఇచ్చిన అనుమతి ఏడు రోజులకి చచ్చిపోతుంది. నేను మొదటిసారి ఇది చూసుకోలేదు. ఆదివారం పెట్టి ఇచ్చాను, వచ్చే ఆదివారానికి సింక్ ఆగిపోయింది, ఆగినట్టు ఎవరికీ తెలియదు, ఇంకో నాలుగు రోజుల తర్వాత బావ ఫోన్‌లో ఫైలు వెతుక్కుని "రాలేదేట్రా" అంటే బయటపడింది. "పబ్లిష్ యాప్" అనే బటన్ నొక్కి ప్రొడక్షన్‌లోకి మార్చండి. లాగిన్ అప్పుడు ఈ యాప్ వెరిఫై కాలేదని ఒక భయపెట్టే పేజీ వస్తుంది, ఆ యాప్ మీదే కాబట్టి అడ్వాన్స్‌డ్ నొక్కి ముందుకు వెళ్ళొచ్చు.

ఇప్పుడు

ఆర్‌క్లోన్ కాన్ఫిగ్

కొట్టండి. కొత్తదానికి ఎన్. పేరు అడుగుతుంది, జీడ్రైవ్ అని చిన్న బడిలో ఇవ్వండి. స్టోరేజ్ రకం దగ్గర జాబితాలో గూగుల్ డ్రైవ్ ముందున్న నంబర్ కొట్టకండి, వెర్షన్ వెర్షన్‌కీ అది మారుతుంది, డ్రైవ్ అని మాట కొట్టండి. ఐడీ, సీక్రెట్ అతికించండి. స్కోప్ దగ్గర 1. సర్వీస్ అకౌంట్ ఫైలు అడిగితే ఎంటర్ కొట్టి వదిలెయ్యండి. బ్రౌజర్ తెరవమంటారా అంటే వై. ఖాతాలోకి లాగిన్ అయి అనుమతి ఇవ్వగానే టెర్మినల్‌కి కబురొస్తుంది. షేర్డ్ డ్రైవ్ ప్రశ్నకి ఎన్, చివర్లో వై.

సరిగ్గా కలిసిందో లేదో చూడ్డానికి

ఆర్‌క్లోన్ అబౌట్ జీడ్రైవ్:

అంటే మొత్తం ఎంత, వాడింది ఎంత, ట్రాష్‌లో ఎంత అని చూపిస్తుంది. ఉచిత ఖాతా 15 జీబీలో జీమెయిల్, ఫొటోలు కూడా కలిసే ఉంటాయని గుర్తుంచుకోండి. ఫొటోలకి అన్‌లిమిటెడ్ 2021 జూన్‌తో పోయింది.

అడుగు 5: పాత కుప్పకి, తెరిచినప్పుడే దిగే ఫోల్డర్

హోమ్‌లో క్లౌడ్ అని ఒక ఖాళీ ఫోల్డర్ చెయ్యండి. డ్రైవ్‌ని ఆ ఫోల్డర్‌కి తగిలించడాన్ని మౌంట్ అంటారు. తర్వాత

ఆర్‌క్లోన్ మౌంట్ జీడ్రైవ్: ~/క్లౌడ్ --వీఎఫ్‌ఎస్-క్యాష్-మోడ్ ఫుల్ --వీఎఫ్‌ఎస్-క్యాష్-మ్యాక్స్-సైజ్ 10జీ

ఫైల్ మేనేజర్‌లో డ్రైవ్ మొత్తం మామూలు ఫోల్డర్‌లా తెరుచుకుంటుంది. పెద్ద ఫైలు తెరిస్తే కావలసిన భాగమే దిగుతుంది, ఒకసారి చూసినవి 10 జీబీ నిండేదాకా డిస్క్‌లో దాచి ఉంచుతుంది. ఆ మొదటి క్యాష్ ఆప్షన్ లేకుండా మౌంట్ చేస్తే లిబ్రెఆఫీస్‌లో సేవ్ కొట్టినప్పుడు తప్పులు వస్తాయి, మర్చిపోవద్దు.

సేవ్ చేసి ఫైలు మూసిన 5 సెకన్ల తర్వాతే అప్‌లోడ్ మొదలవుతుంది. వెంటనే మూత వేసేస్తే ఆ మార్పు ల్యాప్‌టాప్‌లోనే ఉండిపోయి, మళ్ళీ అవే ఆప్షన్లతో మౌంట్ చేసినప్పుడు వెళుతుంది. పోదు గానీ ఆలస్యం అవుతుంది. ఇంకో విషయం, ఫొటోల ఫోల్డర్ తెరవగానే ఫైల్ మేనేజర్ చిన్న బొమ్మలు చూపించడానికి అన్నిటినీ చదవడం మొదలుపెట్టొచ్చు, మొబైల్ హాట్‌స్పాట్ మీద ఉంటే డేటా హారతి కర్పూరం. ప్రిఫరెన్సెస్‌లో థంబ్‌నెయిల్స్‌ని నెవర్ చెయ్యండి.

గూగుల్ డాక్స్, షీట్స్ సంగతి వేరే. అవి అసలు ఫైళ్ళే కావు, గూగుల్ దగ్గరుండే పేజీలు. ఆర్‌క్లోన్ వాటిని వర్డ్, ఎక్సెల్ ఫైళ్ళుగా మార్చి చూపిస్తుంది, మీరు దాన్ని ఎడిట్ చేసినా అసలు డాక్ మారదు. బ్రౌజర్‌లోనే చేసుకోండి.

అడుగు 6: రోజూ పనికి, రెండు వైపుల సింక్

ముందు ఒక హెచ్చరిక, నా సొంత అనుభవంతో. ఆర్‌క్లోన్‌లో సింక్ అనే కమాండ్ ఉంది, పేరు చూసి రెండు వైపులా కలుపుతుంది అనుకుంటాం. కాదు. మొదట రాసినదాన్ని ప్రమాణంగా తీసుకుని, రెండోది అచ్చం దానిలా అయ్యేదాకా అక్కడున్నవి చెరిపేస్తుంది. నేను ఒక రాత్రి పదకొండింటికి నిద్రమత్తులో కొత్తగా చేసిన ఖాళీ ఫోల్డర్‌ని మొదట, మా అమ్మ తీర్థయాత్ర ఫొటోల ఫోల్డర్‌ని తర్వాత రాసి ఎంటర్ కొట్టాను. ఎంత శ్రద్ధగా చెరిపేసిందంటే ఒక్కటి మిగల్లేదు. ఆర్‌క్లోన్ గూగుల్ డ్రైవ్‌లో చెరిపినవాటిని ట్రాష్‌లోకి పంపుతుంది, ట్రాష్‌లో 30 రోజులు ఉంటాయి, అందుకే ఈ రోజు మా అమ్మ నాతో మాట్లాడుతోంది.

కాబట్టి ఏ కమాండ్ అయినా మొదటిసారి చివర్లో --డ్రై-రన్ చేర్చి నడపండి. ఏం చెయ్యబోతోందో చెబుతుంది, చెయ్యదు. మూడో కుప్పకి సింక్ కాకుండా ఆర్‌క్లోన్ కాపీ వాడండి, అది ఎక్కడా ఏదీ డిలీట్ చెయ్యదు.

రెండు వైపులకీ ఉన్నది బైసింక్. పనిఫైళ్ళు అనే ఫోల్డర్ అనుకుంటే మొదటిసారి ఇలా:

ఆర్‌క్లోన్ బైసింక్ ~/పనిఫైళ్ళు జీడ్రైవ్:పనిఫైళ్ళు --రీసింక్ --డ్రైవ్-స్కిప్-జీడాక్స్ --డ్రై-రన్

అది చెప్పింది నచ్చితే డ్రై రన్ తీసేసి మళ్ళీ. రీసింక్ అనేది మొదటిసారికి మాత్రమే, అది రెండు వైపులా ఉన్నవన్నీ కలిపి ఒక జాబితా రాసుకుంటుంది. రోజూ నడిపే కమాండ్‌లో దాన్ని ఉంచేస్తే మీరు చెరిపిన ఫైళ్ళు దెయ్యాల్లా తిరిగొస్తూనే ఉంటాయి. రెండోసారి నుంచి ఇలా:

ఆర్‌క్లోన్ బైసింక్ ~/పనిఫైళ్ళు జీడ్రైవ్:పనిఫైళ్ళు --డ్రైవ్-స్కిప్-జీడాక్స్ --రెసిలియంట్ --రికవర్ --మ్యాక్స్-లాక్ 2ఎం --కాన్‌ఫ్లిక్ట్-రిజాల్వ్ న్యూయర్

ఒకే ఫైలు రెండు చోట్లా మారితే కొత్తది ఉంచి, పాతదాన్ని కాన్‌ఫ్లిక్ట్ అన్న తోకతో పక్కన పెడుతుంది. ఒకవైపు సగానికి మించి ఫైళ్ళు మాయమైతే ఏదో తేడా జరిగిందని తనే ఆగిపోతుంది. ఈ చివరిది ఒక్కటే నాకు దీని మీద గౌరవం తెచ్చింది.

ఒక్క సెల్ మార్చినా ఫైలు మొత్తం మళ్ళీ అప్‌లోడ్ అవుతుంది, డ్రాప్‌బాక్స్‌లా మారిన ముక్క మాత్రమే పంపే తెలివి దీనికి లేదు. జీఎస్టీ షీట్లకి పర్లేదు, వీడియో ఎడిటింగ్ ప్రాజెక్టులకి పనికిరాదు. ఇంట్లో ఇంకెవరైనా ఆన్‌లైన్ క్లాసులో ఉంటే --బీడబ్ల్యూలిమిట్ 512కే చేర్చండి, సెకనుకి అర ఎంబీ దాటదు.

అడుగు 7: దానంతటదే నడవాలి, ఆగితే అరవాలి

పైన చెప్పిన రోజువారీ కమాండ్‌ని ఒక స్క్రిప్ట్ ఫైల్లో పెట్టండి. ఆ వరస చివర రెండు నిలువు గీతలు || పెట్టి, పక్కన ఇది:

నోటిఫై-సెండ్ -యూ క్రిటికల్ "సింక్ ఆగింది, చూడండి"

నిలువు గీతల అర్థం, ముందున్న పని ఫెయిల్ అయితేనే తర్వాతది చెయ్యమని. క్రిటికల్ అని పెట్టడం వల్ల ఆ నోటీసు మనం తీసేదాకా స్క్రీన్ మీదే ఉంటుంది. కొటేషన్‌లో ఉన్నది మాత్రం తెలుగులోనే కొట్టండి, చక్కగా తెలుగులోనే కనిపిస్తుంది. బావకి "ఎర్రర్ కోడ్ 7" అని వస్తే ఏం చేస్తాడు?

ఇప్పుడు 15 నిమిషాలకోసారి నడిపించడానికి సిస్టమ్‌డీ (లైనక్స్‌లో వెనకాల పనులు నడిపించే ఏర్పాటు) యూజర్ టైమర్ వాడండి. టైముకి పనులు నడిపే పాత పద్ధతి క్రాన్ సులువే గానీ, క్రాన్ నుంచి వచ్చే నోటీసు స్క్రీన్ దాకా చేరడానికి అదనపు తంటాలు పడాలి. హోమ్‌లో .కాన్ఫిగ్ లోపల సిస్టమ్‌డీ, దాని లోపల యూజర్ అనే ఫోల్డర్ ఉంటుంది, లేకపోతే చెయ్యండి. అందులో ఒకే పేరుతో రెండు చిన్న ఫైళ్ళు, ఒకటి .సర్వీస్ తోకతో, ఇంకోటి .టైమర్ తోకతో. సర్వీస్‌లో ముఖ్యమైన వరస ఎగ్జెక్‌స్టార్ట్, దాని పక్కన మీ స్క్రిప్ట్ పూర్తి దారి. టైమర్‌లో ఆన్‌బూట్‌సెక్ 5 నిమిషాలు, ఆన్‌యూనిట్‌యాక్టివ్‌సెక్ 15 నిమిషాలు, ఇన్‌స్టాల్ భాగంలో వాంటెడ్‌బై టైమర్స్.టార్గెట్. ఈ పేర్లలో మాత్రం పెద్ద బడి, చిన్న బడి తేడా ఉంటుంది, ఒక ఉదాహరణ పక్కన పెట్టుకుని రాయండి. తర్వాత

సిస్టమ్‌సీటీఎల్ --యూజర్ ఎనేబుల్ --నౌ పనిసింక్.టైమర్

అడుగు 5లోని మౌంట్‌ని కూడా ఇలాగే సర్వీస్ చేసుకోవచ్చు, దానికి టైమర్ అక్కర్లేదు.

పెట్టాక వైఫై ఆపి 15 నిమిషాలు కూర్చోండి. నోటీసు రాకపోతే మీ పని ఇంకా అవ్వలేదు.

అడుగు 8: కుడి క్లిక్ లింక్

ఆర్‌క్లోన్ లింక్ జీడ్రైవ్:పనిఫైళ్ళు/బిల్లు.పీడీఎఫ్ అంటే షేర్ లింక్ వస్తుంది. నాటిలస్‌లో స్క్రిప్ట్స్ అనే ఫోల్డర్‌లో ఈ కమాండ్‌తో చిన్న స్క్రిప్ట్ పెడితే కుడి క్లిక్ మెనూలో చేరుతుంది. జాగ్రత్త, ఆ లింక్ ఎవరి చేతిలో పడితే వాళ్ళు ఫైలు చూడొచ్చు. ఆధార్, పాన్ కాపీలకి దీన్ని వాడకండి.

అడుగు 9: తెలుగు ఫైలు పేర్లతో వచ్చే తిప్పలు

ఇది ఇంగ్లీషు గైడ్‌లలో దొరకదు, అందుకే కాస్త ఎక్కువ రాస్తాను.

బావ పాత హార్డ్‌డిస్క్ ఒకటి ఎప్పుడో మ్యాక్‌లో వాడింది. దాంట్లోంచి కాపీ చేశాక "వైజాగ్ షాపులు" అనే ఫోల్డర్లు రెండు కనిపించాయి. అక్షరం అక్షరం ఒకటే. ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు ఎలా ఉంటాయి? తప్పు "వై"లో ఉంది. యూనికోడ్‌లో ఐత్వాన్ని రెండు రకాలుగా రాయొచ్చు, మొత్తం ఒకే గుర్తుగా ఒకటి, ఎత్వం రాసి దాని కింద తోకని విడిగా చేర్చి ఇంకోటి. మనం కీబోర్డ్ మీద కొడితే మొదటిది వస్తుంది. పాత మ్యాక్ ఫైల్ సిస్టమ్ పేర్లను విడగొట్టి రెండో రకంలో దాచుకుంటుంది. కంటికి ఒకటే, లైనక్స్‌కి రెండు వేరు వేరు పేర్లు. రైతు, సైకిల్, పైసలు, ఐత్వం ఉన్న ఏ పేరుకైనా ఇదే గతి. సింక్ మొదలుపెట్టే ముందే కాన్వ్‌ఎంవీ అనే చిన్న ప్యాకేజీ వేసుకుని ఇలా కొట్టండి:

కాన్వ్‌ఎంవీ -ఆర్ -ఎఫ్ యూటీఎఫ్8 -టీ యూటీఎఫ్8 --ఎన్‌ఎఫ్‌సీ ~/పనిఫైళ్ళు

ముందు మార్చబోయేవి మాత్రం చూపిస్తుంది. బాగుందనిపిస్తే --నోటెస్ట్ చేర్చండి, నిజంగా మారుస్తుంది. ఒకే పేరు రెండు ఫోల్డర్లు అప్పటికే ఉంటే ముందు ఒకదాని పేరు చేత్తో మార్చి, లోపలివి కలుపుకోండి.

రెండోది పొడవు. ఈఎక్స్‌టీ4లో ఒక పేరుకి 255 బైట్లే చోటు, తెలుగులో ఒక్కో గుర్తుకి 3 బైట్లు. "శ్రీ" మనకి ఒక అక్షరం, కంప్యూటర్‌కి శ, పొల్లు, ర, గుడిదీర్ఘం, నాలుగు గుర్తులు, 12 బైట్లు. "శ్రీ వెంకటేశ్వర జనరల్ స్టోర్స్ అక్కయ్యపాలెం జీఎస్టీ..." అని బావ పెట్టే పేర్లు 85 గుర్తులు దాటితే మరీ పొడవని లైనక్స్ ఒప్పుకోదు. ఆర్‌క్లోన్‌లో క్రిప్ట్ అనే ఎన్‌క్రిప్షన్ పొర వేసుకుంటే పేర్లు కూడా ఎన్‌క్రిప్ట్ అయి పొడవు పెరుగుతుంది, అప్పుడు మనకి మిగిలేది సుమారు 143 బైట్లు, అంటే 47 తెలుగు గుర్తులు. షాపు పేరుని ఫోల్డర్‌కి పెట్టి, ఫైలుకి నెల పేరు చాలు.

ఇంకోటి, లైనక్స్‌లో పేరులో కోలన్, ప్రశ్నార్థకం ఉండొచ్చు, వన్‌డ్రైవ్‌లో కుదరదు. అక్కడ చిన్న బడి పెద్ద బడి తేడా కూడా లెక్క లేదు, కాబట్టి ఇంగ్లీషులో బిల్ అని రెండు రకాల బడుల్లో పేర్లున్న రెండు ఫైళ్ళు ఒకదాన్నొకటి తొక్కేస్తాయి.

క్రిప్ట్ అన్నాను కదా, దస్తావేజుల కుప్పకి అది వెయ్యండి. ఆర్‌క్లోన్ కాన్ఫిగ్‌లో ఇంకో రిమోట్‌గా (జీడ్రైవ్ అని చేసినట్టే ఇంకో పేరుతో) క్రిప్ట్ ఎంచుకుని, జీడ్రైవ్ లోపల ఒక ఫోల్డర్ చూపించి, రెండు పాస్‌వర్డ్‌లు ఇస్తే సరి. ఆ పాస్‌వర్డ్‌లు కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. మర్చిపోతే మళ్ళీ తెరిచే దారి లేదు, గూగుల్ కూడా ఏమీ చెయ్యలేదు.

వన్‌డ్రైవ్ వాడేవాళ్ళకి

ఆర్‌క్లోన్ దీనికీ పనిచేస్తుంది గానీ, వన్‌డ్రైవ్ అనే పేరుతోనే లైనక్స్ కోసం రాసిన ఒక ఓపెన్ సోర్స్ క్లయింట్ ఉంది, సింక్‌కి అదే మెరుగు. దీన్ని కూడా ఉబుంటు రెపో నుంచి వెయ్యొద్దని ఆ ప్రాజెక్టు వాళ్ళే చెబుతారు, పాతది దొరుకుతుంది. మొదటిసారి నడిపితే ఒక లింక్ ఇస్తుంది, బ్రౌజర్‌లో లాగిన్ అయితే తెల్లటి ఖాళీ పేజీ వస్తుంది. ఏదో పాడైంది అనుకుని మూసెయ్యకండి, ఆ పేజీ అడ్రస్ బార్‌లో ఉన్నది మొత్తం కాపీ చేసి టెర్మినల్‌లో అతికించాలి. తర్వాత --సింక్ --డ్రై-రన్‌తో చూసి, --మానిటర్‌తో నడపండి. ఏయే ఫోల్డర్లు కావాలో సింక్_లిస్ట్ అనే ఫైల్లో రాసుకోవచ్చు.

అడుగు 10: పోయినట్టు నటించి చూడండి

పెట్టాక ఒక రోజు ఆగి, క్లౌడ్‌లో ఉన్నది నిజంగా వెనక్కి వస్తుందా చూడండి. వేరే ఫోల్డర్‌లోకి ఆర్‌క్లోన్ కాపీతో దించి, కొన్ని ఫైళ్ళు తెరిచి చదవండి. తర్వాత

ఆర్‌క్లోన్ చెక్ ~/పనిఫైళ్ళు జీడ్రైవ్:పనిఫైళ్ళు

రెండు వైపులా తేడా ఉన్న ఫైళ్ళ లెక్క చెబుతుంది. గూగుల్ డాక్స్ ఉంటే అవి తేడాలుగా కనిపిస్తాయి, కంగారు పడకండి. బావ దాంట్లో నాలుగు తేడాలు వచ్చాయి, రెండు డాక్స్, రెండు లిబ్రెఆఫీస్ తెరిచి ఉంచడం వల్ల పుట్టిన తాళం ఫైళ్ళు. ఆ తాళం ఫైళ్ళను --ఎక్స్‌క్లూడ్ ".~లాక్.*"తో బైసింక్ కమాండ్‌లోనే తప్పించేశాను. ఇలా ఫిల్టర్ మార్చాక ఒకసారి రీసింక్ నడపాలి.

మొన్న శనివారం పొద్దున్న బావ ఫోన్ చేశాడు.

"ఒరేయ్, పైన ఏదో పలకలాగ వచ్చి కూర్చుంది, పోవట్లేదు."

"ఏం రాసుంది బావా?"

"సింక్ ఆగింది, చూడండి అని."

"నెట్ వస్తోందా?"

కాసేపు నిశ్శబ్దం. వెనకాల మా అక్క గొంతు, రీచార్జ్ అయిపోయిందని మూడు రోజుల్నుంచి చెబుతున్నానని.